నిలబడ్డచోట సాయా

యానాంలో మా ఇంటికి యాభై అడుగుల దూరంలో బస్సు ఆగుతుంది. కాకినాడ నుంచి అమలాపురం పోయేవి, అమలాపురం నుంచి కాకినాడ పోయేవి చెయ్యెత్తితే అక్కడే ఆపుతారు. ఆ యాభై అడుగులు అమ్మీ పదేళ్లుగా నడవలేదు. దవాఖానాకైనా, షాదీకైనా ఆటో మా గుమ్మం ముందుకు రావాల్సిందే. "బస్సు కా ఇంతెజార్ మేరే సే నై హోతా బేటా" అంటుంది. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరం ఏమీ అనం.

అలాంటి అమ్మీ 2025 జనవరిలో ఒక సాయంత్రం అమెరికాలోని మినియాపొలిస్ షహర్లో, మైనస్ 18 డిగ్రీల సర్దీలో, ప్లాట్‌ఫాం మీద పావుగంట రైలు కోసం నిలబడింది. తిరిగొచ్చాక మా ఇంటి ముందు గ్రిల్లు ఒకటి ఊడింది. ఆ ప్లాట్‌ఫాంకీ ఈ గ్రిల్లుకీ ఏం రిష్తా అని మా తమ్ముడు ఇప్పటికీ అడుగుతాడు. వాడి కోసం, మీ కోసం రాస్తున్నా.

ముందు అబ్బా గురించి చెప్పాలి.

అబ్బా దర్జీ. మాది పెంకుటిల్లు. ముందు పొడవాటి అరుగు, దాని మీదికి వంగిన చూరు. అబ్బా మిషను ఆ అరుగు మీదే ఒక మూల ఉండేది. మిగతా అరుగంతా రోడ్డుది. బస్సు కోసం వచ్చినవాళ్లు, మంగళవారం సంతకొచ్చి గంప దించుకున్నవాళ్లు, వంతెన లేని రోజుల్లో ఎదుర్లంక నుంచి పంటు మీద గోదారి దాటి వచ్చినవాళ్లు, అందరూ అక్కడే కూర్చునేవారు. అబ్బా పాదం మిషను మీంచి తియ్యకుండానే "కూర్చోండమ్మా, ఇంకా టైముంది" అనేవాడు. పక్కన కుండ, మీద మూత, మూత మీద గ్లాసు. దానికి సబీల్ అనో చలివేంద్రం అనో ఎవరూ పేరు పెట్టలేదు. పొద్దున అమ్మీ నింపేది, సాయంత్రానికి ఖాళీ అయ్యేది.

నేను కాకినాడలో నానీ ఇంట్లో ఉండి ఉర్దూ మీడియంలో చదివాను. డిగ్రీకి వచ్చాక తెలుగు తీసుకున్నాను. రెండు జబానుల మధ్య పెరిగినవాడికి ఒక ఆదత్ ఉంటుంది. ఒక మాట వినగానే రెండోదాంట్లో దాని జోడీ వెతుక్కుంటాడు. ఉర్దూలో తల్లో తండ్రో పోతే 'సర్ సే సాయా ఉఠ్ గయా' అంటాం, నెత్తి మీది నీడ లేచిపోయిందని. తెలుగులో ఏ దిక్కూ లేనివాణ్ణి 'నిలువ నీడ లేదు' అంటాం. రెండు జబానుల్లోనూ నీడంటే దిక్కే. క్లాసులో ఇది నేర్చుకున్నప్పుడు ఖుషీ పడ్డాను. దాని బరువు తర్వాత తెలిసింది.

2015 మే ఆఖరి వారం. షాబాన్ నెల నడుస్తోంది. రంజాన్ ముందు దర్జీకి ఊపిరి తీసుకునే ఫుర్సత్ ఉండదు. లైనింగ్ బట్ట అయిపోయింది. అబ్బా పొద్దున్నే కాకినాడ వెళ్లి, బట్టా దారాలూ కొని, వచ్చే దారిలో ఒక ఊళ్లో కుట్టిన బట్టలు ఇవ్వడానికి దిగాడు. ఇచ్చి మళ్లీ రోడ్డు మీదికి వచ్చాడు. అక్కడ స్టాపు ఉంది. స్టాపంటే ఊరి పేరు రాసిన ఒక ఇనుప స్తంభం. కప్పు లేదు, బల్ల లేదు, చెట్టు లేదు. రోడ్డు పెంచినప్పుడు చెట్లు కొట్టేశారట. ఒంటిగంట దాటింది. గంటకు పైగా బస్సు రాలేదు. లైనింగ్ మూట నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడని చూసినవాళ్లు తర్వాత చెప్పారు. పడిపోయాక ఎవరో ఆటోలో వేసి దవాఖానాకు తీసుకెళ్లారు. ఇషా అజాన్‌కు ముందే ఇంతెఖాల్ అయిపోయింది. అరవై ఆరేళ్లు.

ఆ నెలలో ఆంధ్రా తెలంగాణల్లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారని పత్రికల్లో లెక్క వచ్చింది. అలాంటి లెక్కలు రాసే చేతుల్లో నాది కూడా ఒకటి. 'పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి రావద్దు' అనే అధికారుల సూచనను ఎన్నిసార్లు టైపు చేశానో. రాకుండా కుదరనివాడు ఎక్కడ నిలబడాలో ఆ సూచనలో ఎప్పుడూ ఉండేది కాదు. అది లేదని నాకూ ఎప్పుడూ తట్టలేదు.

అబ్బా పోయాక మిషను లోపలికి వెళ్లింది. అరుగు ఖాళీ అయింది. యానాంలో మందు చవక. పక్క ఊళ్ల నుంచి తాగడానికి వచ్చినవాళ్లు రాత్రిళ్లు అరుగు మీదే పడుకోవడం మొదలుపెట్టారు. తెల్లారి సీసాలు, వాంతులు. అమ్మీ ఒంటరిగా ఉంటుందని ఫికర్‌తో నేనే అరుగు పొడవునా ఇనుప గ్రిల్లు పెట్టించి తాళం వేయించాను. ఆ తర్వాత బస్సు కోసం వచ్చినవాళ్లు గ్రిల్లు బయట ఎండలో నిలబడేవారు. నేను సెలవుల్లో వెళ్లినప్పుడు లోపల కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటూ వాళ్లను చూసేవాణ్ణి. చూశానని ఇప్పుడు అంటున్నాను. అప్పుడు కనబడలేదు.

ఇక మినియాపొలిస్. మా చెల్లి ఛోటీ అక్కడ ఉంటుంది. రెండో బిడ్డ పుట్టిందని అమ్మీని తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే జనవరిలో వద్దని అందరూ అన్నారు. ఆ షహర్లో 2019 జనవరి 30న చలి మైనస్ 33 దాకా వెళ్లింది. ఉత్తరాలు పంచేవాళ్లను కూడా ఆ రోజు బయటికి పంపలేదు. అయినా నవాసీని చూడకుండా అమ్మీ ఆగుతుందా?

వారం ఇంట్లోనే గడిచాక ఛోటీ ఒకరోజు తన ఆఫీసుండే డౌన్‌టౌన్‌కు తీసుకెళ్లింది. ఒక బిల్డింగ్‌లో మెట్లెక్కి, తలుపు తోసుకుని వెళితే, రోడ్డు మీదుగా గాజు గోడల వంతెన. మేడంత ఎత్తులో ఈ బిల్డింగ్ నుంచి ఆ బిల్డింగ్‌కు. అది దాటితే ఇంకోటి, అది దాటితే మరోటి. కింద కార్లు పాకుతున్నాయి, దారి అంచున పాత మంచు గట్టిపడి ఉంది, నోటి వెంట పొగలు కక్కుతూ ఒకరిద్దరు నడుస్తున్నారు. పైన మనం చలికోటు చేతి మీద వేసుకుని, చాయ్ తాగుతూ, మోకాళ్ల నొప్పులున్న అమ్మీతో సహా, సమంగా ఉన్న నేల మీద పోతున్నాం. జారడం లేదు, రోడ్డు దాటడం లేదు. అమ్మీ ఆగి గాజుకు చెయ్యి ఆనించింది. "యే లోగాఁ రాస్తే కో భీ రజాయీ ఓఢాయే రే!" అంది. దారికి కూడా దుప్పటి కప్పారట.

నా పాత్రికేయం ఊరుకోదు కదా, ఆ రాత్రి కూర్చుని చదివాను. వీటిని స్కైవేలు అంటారు. మొదటిది 1962లో కట్టారు. ఇప్పుడు డౌన్‌టౌన్‌లో దాదాపు 80 బ్లాకుల్ని కలుపుతూ 15 కిలోమీటర్ల పొడవున ఉన్నాయి. కట్టడానికి సర్దీ ఒక్కటే వజహ్ కాదు. 1956లో ఊరి శివార్లలోని ఎడైనాలో సౌత్‌డేల్ అని ఒక మాల్ తెరిచారు. పూర్తిగా కప్పు కింద ఉండి, ఏడాది పొడవునా లోపల ఒకే వెచ్చదనం ఉండే మాల్ అమెరికాలో అదే మొదటిది. కొనేవాళ్లంతా అటు పోతుంటే డౌన్‌టౌన్ వ్యాపారులకు ఫికర్ పట్టుకుంది. మేమూ మా గిరాకీని వెచ్చగా తిప్పుతాం అని వంతెనలు వేయడం మొదలుపెట్టారు. అందుకే వీటిలో ఎక్కువ భాగం ఆయా బిల్డింగుల మాలిక్‌లవే. తలుపు తీసే టైమూ వేసే టైమూ వాళ్ల ఇష్టం.

మిగతా సర్దీ షహర్లూ తమ తమ హికమత్‌లు చేశాయి. కెనడాలోని కాల్గరీ 1970 నుంచి ఇలాంటి వంతెనలే వేసుకుంటూ వచ్చింది. భూమికి 15 అడుగుల ఎత్తున ఉంటాయి కాబట్టి వాటి పేరే 'ప్లస్ 15'. ఇప్పుడు దాదాపు 16 కిలోమీటర్లు. మాంట్రియల్ పైకి కాదు, కిందికి వెళ్లింది. 1962లో ఒక పెద్ద బిల్డింగ్ కింద మొదలై, 1966లో మెట్రో రైలు వచ్చాక స్టేషన్లనూ ఆఫీసులనూ బజార్లనూ కలుపుతూ 30 కిలోమీటర్లకు పైగా భూగర్భ దారులు అల్లుకున్నాయి. జపాన్‌లో మంచు బాగా పడే సప్పొరోలో 2011లో రైల్వే స్టేషన్ నుంచి ఒదొరి దాకా 520 మీటర్ల భూగర్భ దారి తెరిచారు. ఐస్‌లాండ్ రాజధాని రెయిక్యావిక్‌లో భూమిలోంచి వచ్చే వేడినీళ్లు ఇళ్లను వెచ్చబెట్టి, ఆ తర్వాత ఫుట్‌పాత్‌ల కింది గొట్టాల్లోకి వెళ్లి మంచును కరిగిస్తాయి. ఇది చదివినప్పుడు మాత్రం వాహ్ అన్నాను. వాడేసిన నీళ్లతో నడిచేవాడి కాలికింద మంచు కరిగించడం! మా నానీ బియ్యం కడిగిన నీళ్లు మొక్కకు పోసేది. ఆ జాతి తెలివే ఇదీ.

ఇదంతా చదివి పొద్దున అమ్మీకి చెబితే, "వాళ్ల మౌసమ్‌తో వాళ్లు లడాయీ మానేసి సుల్హా చేసుకున్నారు" అంది. నాకు ఆ మాట బాగుందనిపించింది. కానీ ఆ సుల్హాలో ఎవరెవరు ఉన్నారో రెండు రోజుల తర్వాత తెలిసింది.

ఆ రోజు ఛోటీకి ఆఫీసులో ఆలస్యమైంది. అమ్మీని నేనే రైలెక్కించి ఇంటికి తీసుకెళతానన్నాను. స్కైవేలో పోతే స్టేషన్ దాకా సర్దీ తగలకుండా వెళ్లొచ్చని ధీమా. రెండు వంతెనలు దాటాం. మూడోదాని తలుపు లాగితే రాలేదు. తాళం. అటువైపు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, దుకాణాలు మూసేశారు. కాపలా అతను వచ్చి ఈ బిల్డింగ్ టైమైపోయింది, కిందికి దిగి వీధిలోంచి వెళ్లండి అన్నాడు. మర్యాదగానే అన్నాడు. దిగాం. బయటి తలుపు తెరవగానే గాలి చెంపదెబ్బ కొట్టినట్టు తగిలింది. అమ్మీ కళ్లలోంచి నీళ్లు. దుపట్టా మీద శాలువా, దాని మీద ఛోటీ కోటు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రెండు బ్లాకులు నడవాలి. నాకున్న ఖౌఫ్ అంతా అమ్మీ జారిపడుతుందేమో అని. కానీ ఫుట్‌పాత్ మీద మంచు లేదు. గోకేసి, ఉప్పు చల్లి ఉంది, కాలికింద కరకరలాడుతోంది. అది కూడా తర్వాత తెలుసుకున్నాను. మంచు పడడం ఆగాక ఇల్లుగలవాడు 24 గంటల్లో, దుకాణాలూ అపార్ట్‌మెంట్లూ అయితే పగటి పూట 4 గంటల్లో తమ ముందున్న ఫుట్‌పాత్‌ను శుభ్రం చేయాలని ఆ షహర్ ఖానూన్. లేదంటే నగరపాలక సంస్థ తానే చేయించి ఖర్చు వసూలు చేస్తుంది. అది నడిచేవాడి హక్, ఇంటివాడి జిమ్మేదారీ. దారిలోంచి ముల్లు తీసి పక్కన పెట్టడం కూడా సదఖాయే అని మనకు మదర్సాలో చెప్పారు. వాళ్లు దాన్ని పురపాలక నిబంధనల్లో రాసుకున్నారు.

నికొలెట్ మాల్ స్టేషన్ చేరాం. స్టేషన్ అంటే వీధి మధ్యలో ఒక గట్టు, దాని మీద సగం మూసిన కప్పు. బ్లూ లైన్ రైలు రావడానికి పావుగంట ఉందని బోర్డు మీద పడింది. అమ్మీ కాళ్లు వణుకుతున్నాయి. అక్కడ నల్లటి పొడవాటి హిజాబ్‌లో ఒక సోమాలీ పెద్దావిడ, ఇద్దరు కాలేజీ పిల్లలు, సంచులు ముందు పెట్టుకుని బల్ల మీద ముడుచుకున్న ఒక ముసలాయన ఉన్నారు. ఆవిడ అమ్మీని చూడగానే సలాం చేసింది. అమ్మీ జవాబిచ్చేలోపే రెక్క పట్టుకుని ఒక మూలకు తీసుకెళ్లి, స్తంభానికున్న బటన్ నొక్కింది. నెత్తి మీద ఇనుప పెట్టెలో ఎర్రటి తీగలు వెలిగాయి. సిగడి మీద చేతులు పెట్టినట్టు వెచ్చదనం భుజాల మీదికి దిగింది. ఆవిడ చేతుల సైగతో చెప్పింది. కాసేపటికి ఆరిపోతుంది, మళ్లీ నొక్కు.

టికెట్ ఎవరూ అడగలేదు. బటన్ ఎవరైనా నొక్కొచ్చు. ఆరిపోగానే అమ్మీ తనే నొక్కింది. మళ్లీ ఆరింది. మళ్లీ నొక్కింది. మూడోసారి నొక్కి, చెయ్యి బటన్ మీదే ఉంచి, నా వైపు చూడకుండా అంది:

"తుమారే అబ్బా కో ఇత్తా సా హోతా తో బస్ థా."

మీ అబ్బాకు ఈపాటిది ఉన్నా చాలేది.

నేనేమీ అనలేదు. అమ్మీ ఆగలేదు. పదేళ్లలో ఒక్కసారీ అనని మాట అక్కడ, ఎవరికీ మన జబాన్ అర్థంకాని ఆ గట్టు మీద అంది. ఆ రోజు అబ్బా వెళ్లనన్నాడట. ఎండలు తగ్గాక వెళతానన్నాడట. లైనింగ్ లేకపోతే రంజాన్ బట్టలు టైముకు ఇవ్వలేం, గిరాకీ పోతుంది, వెళ్లమని తనే బలవంతం చేసిందట. "మైఁ చ్ భేజీ రే. మైఁ చ్." నేనే పంపా, నేనే.

బస్సంటే అమ్మీకి పడనిది దుఃఖం వల్ల అనుకున్నాం పదేళ్లూ. అది గునాహ్ అనుకుని మోస్తోందని నాకు తెలియదు. రైలు కనబడింది. "అమ్మీ, నువ్వు బట్ట తెమ్మని పంపావు. ఎండలో నిలబెట్టింది నువ్వు కాదు" అన్నాను. విందో లేదో. ఎక్కాం. సోమాలీ ఆవిడ మాతోపాటే ఎక్కి, సీడర్-రివర్‌సైడ్‌లో దిగుతూ అమ్మీ భుజం తట్టింది. బల్ల మీది ముసలాయన ఎక్కలేదు. ఆయన ఏ రైలు కోసమూ అక్కడ లేడు. మేం వచ్చేస్తుంటే ఒక పిల్లవాడు బటన్ నొక్కి వచ్చాడు, ఆయన కోసం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గాజు వంతెనల మీద నా మోజు సగం దిగిపోయింది. అవి బాగోలేవని కాదు. అమ్మీ మోకాళ్లతో హాయిగా నడిచింది వాటి మీదే, ఆ షుక్రియా మరచిపోను. కానీ లోపల పని ఉన్నవాడికే, పని ఉన్నంతసేపే వాటి తలుపు తెరిచి ఉంటుంది. పక్కనే ఉన్న సెయింట్ పాల్‌లోనూ స్కైవేలున్నాయి. 2014 జనవరిలో అక్కడ పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన ఒక నల్లజాతి తండ్రి స్కైవేలో కుర్చీలో కూర్చుంటే, ఇది అందరి చోటు కాదని కాపలావాళ్లు లేపారు, పోలీసులు వచ్చి అరెస్టు చేశారు. తర్వాత కేసు కొట్టేశారు. ఆయన అడిగింది కూర్చునే చోటు. ఇంకో సంగతి, జనమంతా పైనో కిందో నడుస్తుంటే వీధి ఎండిపోతుంది. కెనడాలోని విన్నిపెగ్‌లో పోర్టేజ్, మెయిన్ అనే రెండు పెద్ద రోడ్లు కలిసే చౌరస్తాను 1979లో గోడలు కట్టి నడిచేవాళ్లకు మూసేశారు, భూమి కింది దారిలోంచి పొమ్మన్నారు. 2025 జూన్‌లో మళ్లీ తెరిచారు. షహర్ నడిబొడ్డున మనిషి కాలినడకన రోడ్డు దాటడానికి 46 ఏళ్లు పట్టింది.

మన దగ్గరా వంతెనలు వచ్చాయి. హైదరాబాద్‌లో 2018లో ఏసీ బస్టాపులు పెట్టారు, 2023 జూన్‌లో ఉప్పల్ చౌరస్తాలో స్కైవాక్ తెరిచారు. మంచిదే. అయితే ఊరి పేరు రాసిన ఇనుప స్తంభం కింద నిలబడ్డ ముసాఫిర్‌కు స్కైవాక్ అక్కర్లేదు. అతనికి ఒక కప్పు, ఒక బల్ల, ఒక గ్లాసు నీళ్లు చాలు. సర్దీ షహర్ల హుషారీ అంతా చూశాక నాకు మిగిలింది ఆ పావుగంట. గోకిన ఫుట్‌పాత్, ఆ బటన్. ఏ పనీ లేనివాడికి, ఏమీ కొననివాడికి కూడా అందేవి ఆ రెండే.

ఇవి మనకు లేనివి కావు. యానాం ఏ పుదుచ్చేరిలో భాగమో, ఆ పుదుచ్చేరి తమిళ వీధుల్లో పాత ఇళ్ల ముందు 'తాళ్వారం' అని ఉంటుంది. స్తంభాల మీద పెంకుల కప్పు, వీధి వైపు తెరిచి. ఇంటిది అయినా దారినపోయేవాడిది. దాని వెనక తిన్నె, అంటే మన అరుగు. సింగపూర్‌లో 1822 నాటి పట్టణ పథకంలోనే దుకాణాల ముందు నడిచేవాళ్లకు కప్పుతో వరండా వదలాలని నిబంధన పెట్టారు. అక్కడి పాత వీధుల్లో ఇప్పటికీ 'ఐదడుగుల దారి' అంటారు. ఈ కాలంలో అదే షహర్ మెట్రో స్టేషన్ల చుట్టూ 400 మీటర్ల దాకా ఎండా వానా తగలకుండా కప్పు దారులు వేసింది. గర్మీ దేశం కూడా తన మౌసమ్‌తో సుల్హా చేసుకోవచ్చు. మనం ఒకప్పుడు చేసుకున్నాం. తర్వాత గ్రిల్లు పెట్టాం. నేనే పెట్టాను.

ఫిబ్రవరిలో యానాం తిరిగొచ్చాం. సామాను సర్దకముందే అమ్మీ అంది, "జాలీ నికాల్ దే." గ్రిల్లు తీసెయ్యి.

ఒప్పుకోలేదు నేను. తాగుబోతుల సంగతి గుర్తుచేశాను. తమ్ముడు ఇంకా గట్టిగా అడ్డుపడ్డాడు. వాడి లెక్క వేరు. అరుగు కొట్టేసి రెండు షట్టర్లు పెడితే బస్టాపు పక్కన కిరాయి బాగా వస్తుంది. అమ్మీ మందులకు అవే సరిపోతాయి. వాడు అన్నదీ తప్పు కాదు. డబ్బు పంపేది వాడే. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి అమ్మీ ఒక్క మాట అంది: "అక్కడ ఆ బూఢా ఏ రైలూ ఎక్కలేదు. అయినా బటన్ పనిచేసింది."

గ్రిల్లు తీశాం. అరుగుకూ ఇంటి గుమ్మానికీ మధ్య దాన్నే మళ్లీ బిగించాం, రాత్రి అమ్మీ భద్రంగా ఉండాలి కదా. అరుగు మళ్లీ రోడ్డుదైంది. కుండ పెట్టాం. చూరు చాలదని ముందుకు తాటాకు పందిరి దించాం. వెల్డింగ్ చేయడానికి వచ్చినతను "ఆయ్, మళ్లీ తీయించేస్తున్నారేంటండీ, అప్పుడు నేనే పెట్టాను" అన్నాడు నవ్వుతూ.

అంతా బాగుందని చెప్పను. మొదటి నెలలోనే రెండుసార్లు సీసాలు పగిలాయి. ఒకసారి వాంతి చేసి వెళ్లారు, అమ్మీ ఫినాయిల్ పోసి కడిగింది, నాకు ఫోన్లో చెప్పనే లేదు, పక్కింటావిడ చెప్పింది. గ్లాసు మూడుసార్లు పోయింది. ఇప్పుడు గొలుసు కట్టాం. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా "ఎన్ని గ్లాసులైనాయి?" అని అడుగుతాడు. ఎప్పుడైనా రోడ్డు పెంచుతామని వస్తే అరుగు పోతుంది, అది నాకూ తెలుసు.

మే నెలలో వెళ్లాను. మధ్యాహ్నం రెండు. రోడ్డు మీద తారు మెత్తబడి ఉంది. అరుగు మీద ఐదుగురు ఉన్నారు. చంటిపిల్లతో ఒకమ్మాయి, ఇద్దరు కూలీ ఆడవాళ్లు, కాలేజీ కుర్రాడు, తలపాగా చుట్టుకున్న ఒక తాత. అమ్మీ గ్రిల్లు ఇవతల కూర్చుని విసనకర్ర ఆ చంటిపిల్ల వైపు ఊపుతోంది. కాకినాడ బస్సు రాలేదని తాత విసుక్కుంటున్నాడు. "కూర్చోండి, ఇంకా టైముంది" అంది అమ్మీ తెలుగులో. ఆ మాట ఎవరిదో నాకూ అమ్మీకే తెలుసు.

బస్సు వచ్చింది. ఐదుగురూ లేచి పరిగెత్తారు. అమ్మీ కూడా లేచింది. అరుగు చివరిదాకా, నీడ ఉన్నంత దాకా నడిచి ఆగింది. బస్సు వెళ్లేదాకా అక్కడే నిలబడి చూసింది.

బస్సు మాత్రం ఇంకా ఎక్కలేదు. నేనూ అడగలేదు.